గొర్రె చెవులు

ఆ రోజు పాఠం ఇరవై మూడో పేజీ.
బోర్డు మీద తేదీ వేశాను, కింద గీత గీశాను.
రేకుల కప్పు మీది మంచు కరిగి
ఒక్కో చుక్కా వాకిట్లో గుంట తవ్వుతోంది.
ముప్పై ఒక్క మంది, పదకొండు బెంచీలు,
కంబళ్లలోంచి పొగ వాసన, తడి ఉన్ని వాసన.
మలోతి కొండల్లో జూలై అంటే ఇదే.

సేబాతా ఎప్పట్లాగే ఆలస్యంగా వచ్చాడు
తెల్లారేదాకా ఎవరి మందనో కాసి.
రబ్బరు బూట్లలో ఒకటి నల్లది, ఒకటి ఆకుపచ్చ.
కూర్చోకముందే అడిగాడు:
"టీచర్, మన కొండకి సెసోతో ఎవరు నేర్పారు?
నేను కుక్కని పిలిస్తే అదీ పిలుస్తుంది,
అచ్చం నా యాసలోనే."

తరగతి గొల్లుమంది.
నా చెయ్యి స్కేలు కోసం వెళ్లింది.
అబద్ధమెందుకు,
నిరుడు ఇలాంటి ప్రశ్నకే లింఫో వేళ్ల మీద కొట్టాను.
నీళ్లకి ఆకారం లేదన్నారు కదా,
మరి చుక్క గుండ్రంగా ఎందుకుందని అడిగింది.
ఆ తర్వాత ఆ పిల్ల ఏమీ అడగలేదు.
మార్కులు బాగానే వస్తున్నాయి.

సేబాతాకి ఏం చెప్పను?
ప్రతిధ్వని అనే మాట నాకు తెలుసు.
మాట తెలియడం, సంగతి తెలియడం ఒకటి కాదని
ఆ చుక్కల చప్పుడులో ఎందుకో తోచింది.
"పదండి" అన్నాను.
ఎక్కడికని ఎవరూ అడగలేదు, అప్పటికే సగం మంది బయట.

కొండకి ఎదురుగా నిలబడి
ముందు పేర్లు పిలిచారు, తర్వాత తిట్లు.
కొండ తిట్లు కూడా తూకం తగ్గకుండా తిరిగిచ్చింది.
ఇక నేను చెప్పకుండానే లెక్కలు మొదలయ్యాయి.
అరిచి, పది అడుగులు ముందుకేసి, మళ్లీ అరిచి,
కొండ ఎక్కడ నోరు మూస్తుందో అక్కడ ఒక రాయి పెట్టారు.
గుసగుసకి పలకదు.
ఈలకి పలుకుతుంది.
గాలి అడ్డొస్తే నత్తి.
ఒకడు బకెట్ నెత్తిన బోర్లించుకుని
లోపల తనకో సొంత కొండ ఉందన్నాడు.

ఖావుహేలోకి పుట్టుకతోనే వినబడదు.
చప్పుళ్ల ఆటకి ఆ పిల్లని ఎందుకు తెచ్చానా అని
నాలో నేనే ముడుచుకున్నాను.
బండ మీద కూర్చుని మందని చూస్తోంది.
కాసేపటికి నా కంబళి అంచు పట్టి లాగింది.
సేబాతా నోరు తెరిచాడు,
గొర్రెల చెవులన్నీ ఇటు తిరిగాయి. ఒక వేలు ముడిచింది.
ఆగమంది.
అతని నోరు మూసే ఉంది,
చెవులు అటు, కొండవైపు తిరిగాయి.
రెండో వేలు.

కొండ మాట్లాడటం
మా అందరిలో మొదట చూసింది ఆమే.

అప్పుడు ముప్పై మందీ
రెండు చేతులా చెవులు మూసుకుని
గొర్రెల చెవుల వైపు చూస్తూ కూర్చున్నారు.
పదిహేనేళ్ల ఉద్యోగంలో అంత నిశ్శబ్దం
స్కేలు చూపించి కూడా సంపాదించలేదు నేను.

శుక్రవారం ఇన్స్పెక్టర్ మోహాపి గుర్రం మీద వచ్చారు.
"ఇరవై మూడో పేజీ అయిందా?"
"కాలేదు."
"మరేం చేశారు?"
చెప్పాను. చెబుతుంటే నాకే చిన్నతనంగా వినిపించింది.
ఆయన కలం కాసేపు గాల్లో ఆగి
పాఠం పూర్తికాలేదు అని రాసింది.
నిజమే రాసింది.
బయట కట్టేసిన గుర్రం మాత్రం
చెవులు కొండవైపు పెట్టి నిలబడి ఉంది.

ఆయన వెళ్లాక పుస్తకం తెరిచాను.
ఇరవై మూడో పేజీ, ఖాళీలు పూరింపుము:
చెవి మనకు ______ ఉపయోగపడును.
ఒక్కదాన్నే చాలాసేపు నవ్వాను.

తలెత్తితే గుమ్మంలో లింఫో.
"ఏంటమ్మా?"
నోరు తెరిచింది.
చూరు నుంచి చుక్క ఒకటి సాగి, సాగి, తెగి పడింది.
ఇద్దరం దాన్నే చూశాం.
"ఏం లేదు టీచర్" అంది.

వెళ్తూ ఒకసారి బల్ల వైపు చూసింది.
స్కేలు అక్కడే ఉంది.